పళ్లచక్రం గోడెక్కింది, యంత్రం రాలేదు: విశాఖలో స్టీమ్‌పంక్ సంగతి

సంక్షిప్తంగా: ఆవిరి యంత్రాల కాలాన్ని ఊహలో ముందుకు సాగదీసే స్టీమ్‌పంక్ 1980లలో ఇంగ్లిష్ కథల్లో పుట్టింది. తర్వాత చేతిపనివాళ్ల సరదాగా పెరిగి, 2010 దాటాక దుకాణాల్లోకి, తెరల మీదికి ఎక్కింది. విశాఖపట్నానికి దాని రూపం చేరింది గానీ దాన్ని ప్రేమించే గుంపు చేరలేదు. అభిమానుల నోటి మాటగా కాకుండా ఇంటీరియర్ క్యాటలాగు దారిలో రావడం అందుకు ముఖ్య కారణం. ఆ కళకు కావలసిన పనిచేతులు, తుక్కు, యంత్రాల చరిత్ర మాత్రం ఈ ఊళ్లో దండిగా ఉన్నాయి.

బీచ్ రోడ్డు మీదో, సిరిపురం వైపో కొత్తగా తెరిచిన కెఫేలోకి వెళ్తే గోడ మీద పెద్ద గడియారం ఒకటి కనిపించడం ఈ మధ్య మామూలైపోయింది. ముళ్ల వెనక ఇత్తడి రంగు పళ్లచక్రాలు, పక్కన రాగి రంగు పైపులు, పైన తీగ బయటికి కనిపించే పసుపు బల్బులు. ఆ చక్రాల్లో తిరిగేది ఒక్కటీ ఉండదు. గడియారాన్ని నడిపేది వెనకాల దూర్చిన పెన్సిల్ బ్యాటరీ. పైపుల్లో నీళ్లూ ఉండవు, ఆవిరీ ఉండదు. ఇదేం డెకరేషన్ అని అడిగితే వచ్చే జవాబు రెండు రకాలు. కొందరు ‘వింటేజ్’ అంటారు, కొందరు ‘స్టీమ్‌పంక్ థీమ్’ అంటారు.

ఇదే మాట ఫోటోషూట్ ప్యాకేజీల్లో, కాలేజీ ఫెస్టుల్లో కథల పాత్రల వేషాలు కట్టే కాస్‌ప్లే పోటీల్లో, ఆన్‌లైన్‌లో అమ్మే చేతి గడియారాల పేర్లలో కూడా వినపడుతోంది. కొద్దిమంది పుస్తకాల పురుగుల మధ్య పుట్టిన ముచ్చట ఇంతదూరం ఎలా వచ్చింది, దారిలో ఏం పోగొట్టుకుంది అన్నది గమనిస్తే, చిన్న గుంపు అభిరుచి బజారు సరుకుగా మారే తీరు తెలుస్తుంది. విశాఖను ఉదాహరణగా తీసుకోవడానికి ఒక కారణం ఉంది. ఇది నిజంగానే ఆవిరి కాలంలో పెరిగిన ఊరు.

ఏది స్టీమ్‌పంక్, ఏది కాదు

అమెరికన్ రచయిత కె.డబ్ల్యు. జెటర్ 1987లో ‘లోకస్’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకు రాసిన ఉత్తరంలో ఈ పేరు పెట్టాడు. తానూ, మిత్రులు టిమ్ పవర్స్, జేమ్స్ బ్లేలాక్ రాస్తున్న విక్టోరియా కాలపు వింత కథలను ఏమని పిలవాలన్నది సమస్య. అప్పట్లో కంప్యూటర్ల చుట్టూ తిరిగే ‘సైబర్‌పంక్’ కథలు జోరు మీదున్నాయి. మావి ఆవిరి కథలు గనక ‘స్టీమ్‌పంక్’ అనుకోండి అని చమత్కరించాడు. అంటే పేరు సగం జోకుగానే పుట్టింది. ‘పంక్’ అంటే సమాజాన్ని ధిక్కరించే కుర్రకారు ధోరణి. ఆ తోక పట్టుకుని ఇందులో తిరుగుబాటు ఏముందని వెతికితే పెద్దగా దొరకదు.

1990లో విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలిసి రాసిన నవలతో ఈ ధోరణికి పునాది గట్టిపడింది. ఇంగ్లండ్ గణితవేత్త చార్లెస్ బాబేజ్ 1820లలో మొదలుపెట్టిన లెక్కల యంత్రం పూర్తి కాలేదు. బ్రిటిష్ ప్రభుత్వం 1842లో చేతులెత్తేసింది. ఒకవేళ అది పూర్తయి ఉంటే, కంప్యూటర్ల యుగం నూరేళ్ల ముందే ఆవిరితో మొదలై ఉంటే లోకం ఎలా ఉండేదన్నది ఆ నవల ఊహ. విచిత్రంగా, నవల వచ్చిన మరుసటి ఏడే లండన్ సైన్స్ మ్యూజియం బాబేజ్ గీసిన రెండో నమూనా ప్రకారం యంత్రాన్ని కట్టింది. లెక్క తప్పకుండా పనిచేసింది కూడా.

కాబట్టి స్టీమ్‌పంక్ అనాలంటే పాతకాలం ఒక్కటి ఉంటే చాలదు. ‘అలా జరిగి ఉంటే’ అన్న ఊహ కావాలి. లోపలి పని బయటికి కనిపించే యంత్రం కావాలి. ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. ఫోను పాడైతే మూత తీసి చూసినా మామూలు మనిషికి ఒక్క ముక్క అర్థం కాదు. పాత గోడగడియారం మూత తీస్తే ఏ చక్రం దేన్ని తిప్పుతోందో పదేళ్ల పిల్లకు కూడా తెలుస్తుంది. చేతికి, కంటికి అందే యంత్రం మీద ఉన్న ఆ మోజే దీని ప్రాణం.

ఈ లెక్కన కెఫేల్లో కనిపించేది చాలావరకు స్టీమ్‌పంక్ కాదు. ఇటుక గోడ, బయటికి కనిపించే పైపులు, నల్ల ఇనుప స్టూళ్లు, తీగ బల్బులు ‘ఇండస్ట్రియల్’ అనే వేరే పద్ధతికి చెందినవి. న్యూయార్క్‌లో మూతపడిన ఫ్యాక్టరీల అంతస్తుల్లో చవగ్గా చోటు దొరికి కళాకారులు కాపురాలు పెట్టినప్పుడు ఆ రూపం ఫ్యాషనైంది. దానికి నాలుగు పళ్లచక్రాలు తగిలిస్తే కొత్త పేరొచ్చింది.

ఊహ సంగతికొస్తే తెలుగువాళ్లకు ఇది మరీ పరాయిదేం కాదు. 1957 నాటి ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే మనసుకు ఇష్టమైనవాళ్లు కనిపిస్తారు. ద్వాపరయుగంలో వీడియో కాల్ అన్నమాట. పాతకాలంలోకి రేపటి వస్తువును దూర్చడం మన సినిమాకు బాగా తెలుసు. తేడా ఒక్కటే: మన పెట్టె మహిమతో పనిచేస్తుంది. దాని మూత తీసి లోపల ఏముందో చూడాలని ఎవరికీ తోచదు.

వర్క్‌షాపు నుంచి షోరూముకు

మొదటి ఇరవై ఏళ్లు ఇది పుస్తకాల్లోనే ఉంది. 2000ల మధ్యలో ఇంటర్నెట్ సాయంతో చేతుల్లోకి దిగింది. కొందరు ఔత్సాహికులు కంప్యూటర్ కీబోర్డులకు పాత టైప్‌రైటర్ మీటలు, ఇత్తడి చట్రాలు బిగించి, ఆ పని ఎలా చేశారో అంచెలంచెలుగా ఫోటోలు పెట్టేవారు. చూసినవాళ్లు తామూ ప్రయత్నించేవారు. చేతిపనులు అమ్ముకునే ‘ఎట్సీ’ 2005లో మొదలవడంతో ఆ వస్తువులకు అంగడి దొరికింది. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లోని విజ్ఞానశాస్త్ర చరిత్ర మ్యూజియం స్టీమ్‌పంక్ వస్తువులతో ప్రదర్శన పెట్టింది. 2011లో పాప్ గాయకుడు జస్టిన్ బీబర్ క్రిస్మస్ పాట వీడియోలో ఆ వేషం వేశాడు. 2012లో ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా మగవాళ్ల దుస్తుల ప్రదర్శన ఆ ఛాయలతోనే నడిచింది.

2013 జనవరిలో కంప్యూటర్ కంపెనీ ఐబీఎం ఒక జోస్యం చెప్పింది. ఇంటర్నెట్‌లో బహిరంగంగా ఉన్న ఐదు లక్షలకు పైగా రాతలను కంప్యూటర్‌తో జల్లెడపట్టి, రాబోయే రెండేళ్లలో స్టీమ్‌పంక్ చేతిపని స్థాయి దాటి భారీ ఉత్పత్తికి వెళ్తుందని ప్రకటించింది. ఇలాంటి జోస్యంలో ఒక తిరకాసు ఉంటుంది. ఏది అమ్ముడవుతుందని పెద్ద కంపెనీ చెబితే తయారీదారులు దాన్నే చేస్తారు, దుకాణాల్లో అదే ఉంటుంది, కొనేవాళ్లకు అదే దొరుకుతుంది. జోస్యం నిజమైందో, జోస్యం వల్ల నిజమైందో విడదీసి చెప్పడం కష్టం.

అప్పటికే లోపలివాళ్లకు చిరాకు మొదలైంది. నాలుగు పళ్లచక్రాలు అతికించి స్టీమ్‌పంక్ అనేస్తే సరిపోతుందా అని ఎత్తిపొడిచే వెటకారపు పాట ఒకటి 2011లోనే చక్కర్లు కొట్టింది. ఒక అభిరుచి బజారుకెక్కిందనడానికి అమ్మకాల లెక్కల కంటే ఇలాంటి సణుగుడే నమ్మదగిన గుర్తు.

ఇంత తేలిగ్గా ఎందుకు బజారుకెక్కింది? బ్రిటిష్ సమాజ పరిశీలకుడు డిక్ హెబ్డిజ్ 1979లో ఇలాంటి గుంపుల గురించి రాస్తూ, అవి ప్రధాన ప్రవాహంలో కలిసే దారులు రెండని చెప్పాడు. ఒకటి, వాటి గుర్తులు సరుకుగా మారడం. రెండోది, వాటిలో సమాజాన్ని ఇబ్బంది పెట్టే గుణాన్ని మెత్తబరచడం. అసలు పంక్ కుర్రాళ్ల విషయంలో రెండూ జరగాల్సి వచ్చింది. చెంపకు గుచ్చుకున్న పిన్నీసు చూసి జనం జడుసుకునేవారు మరి. స్టీమ్‌పంక్‌తో రెండో దాని అవసరమే రాలేదు. పళ్లచక్రం చూసి భయపడేవాళ్లు లేరు. పైగా చిన్న ముక్క మొత్తాన్ని గుర్తుచేస్తుంది. ఒక్క చక్రం, ఒక్క గుండ్రటి కళ్లజోడు ఉంటే చాలు, సంగతి తెలిసిపోతుంది. కర్ణాటక సంగీతం మీద అభిరుచిని ఇలా గోడకు తగిలించలేం. ఏళ్ల తరబడి విన్న చెవి కావాలి.

అభిమానులు లేకుండానే ఎలా వచ్చింది

కొత్త అలవాట్లు ఎలా పాకుతాయో 1962లో అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఎవరెట్ రోజర్స్ ఇచ్చిన వివరణ ఇప్పటికీ వాడుకలో ఉంది. మొదట నూటికి రెండున్నర మంది సాహసించి పట్టుకుంటారు, వాళ్లను చూసి మరో పదమూడున్నర మంది, ఆ తర్వాత మిగతా జనం. ఈ లెక్కలో అలవాటు మనిషి నుంచి మనిషికి అంటుకుంటుంది. ముందున్నవాళ్లకు దాని లోతు తెలిసి ఉంటుంది.

విశాఖలో ఈ వరస కనిపించదు. ఇక్కడ స్టీమ్‌పంక్‌ను మొదట పట్టుకున్నది అభిమాని కాదు, ఇంటీరియర్ కాంట్రాక్టరు. కెఫే పెట్టబోయే మనిషి పింటరెస్ట్‌లో ఒక బొమ్మ చూపించి ‘ఇలా కావాలి’ అంటాడు. కాంట్రాక్టరు ఎండీఎఫ్ షీటు, అంటే చెక్కపొట్టు బోర్డు, తెప్పిస్తాడు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద చక్రాలు కోయిస్తాడు. వాటికి గోల్డ్, కాపర్ స్ప్రే కొడతాడు. పీవీసీ పైపుకు కూడా అదే రంగు. రెండు మూడు రోజుల్లో గోడ తయారు. ఈ గొలుసులో ఏ ఒక్కరికీ బాబేజ్ ఎవరో తెలియాల్సిన అవసరం రాదు, జెటర్ ఉత్తరం సంగతి అసలే అక్కర్లేదు. కథ మధ్యలో జారిపోయినా పని ఆగదు. చేరేది బొమ్మ ఒక్కటే.

ఆ బొమ్మ అవసరాన్ని పెంచింది ఫోను కెమెరా. 2016లో జియో వచ్చి డేటా చవకైంది. 2020లో టిక్‌టాక్ నిషేధం వెంటనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దిగింది. అప్పటి నుంచి కెఫేకు కాఫీ ఎంత ముఖ్యమో ఫోటో దిగే మూల కూడా అంతే ముఖ్యమైంది. అరకు కాఫీకి 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజ గురించి ఒక్క ముక్క చెప్పని కెఫే కూడా గోడకు మాత్రం ఖర్చు పెడుతుంది. గోడ ఫోటోలో పడుతుంది, కాఫీ రుచి పడదు.

ఇక్కడ మరో సంగతి. విదేశాల్లో స్టీమ్‌పంక్ వేషాలకు వాడే ఇత్తడి దుర్బిణులు, దిక్సూచులు చాలా వరకు మన దేశంలో తయారైనవే. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌ను ‘పీతల్ నగరి’ అనేది ఊరికే కాదు. అక్కడి కార్మికుడు చేసిన దుర్బిణి లండన్‌లో స్టీమ్‌పంక్ అవుతుంది. చేసినవాడికి అది ఆర్డరు, అంతే.

ఉప్పుగాలి, చెమట, చింతపండు

రూపం వచ్చి సమూహం రాకపోవడానికి వాతావరణం కూడా కొంత కారణం. స్టీమ్‌పంక్ వేషం లండన్ చలికి పుట్టింది. పొడుగు కోటు, లోపల వెయిస్ట్‌కోటు, తోలు బెల్టులు, టోపీ, బూట్లు. మే నెలలో ఆర్కే బీచ్‌లో ఈ వేషం వేసుకుని పది నిమిషాలు నిలబడితే కాస్‌ప్లే కాస్తా వడదెబ్బ కేసవుతుంది. అందుకే ఇక్కడ ఈ దుస్తులు ఏసీ హాళ్లకు, స్టూడియోలకు పరిమితం.

వస్తువులకూ ఇదే బాధ. సముద్రం పక్కన నిజమైన ఇనుము తుప్పు పడుతుంది, ఇత్తడి చిలుము పడుతుంది. బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ ఊచలు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎన్నాళ్లు ఆగుతాయో అక్కడ ఉండేవాళ్లకు తెలుసు. అందుకని కాంట్రాక్టరు అసలు లోహం జోలికి పోకుండా రంగేసిన చెక్కపొట్టు బోర్డుతో కానిచ్చేస్తాడు. వ్యాపారంగా చూస్తే అది తెలివైన పనే. కాకపోతే లోహం మీద ప్రేమతో పుట్టిన కళలో లోహమే లేకుండా పోయింది.

అభిరుచిలో ఇంకో తేడా ఉంది. స్టీమ్‌పంక్‌కు మాసిన ఇత్తడి అందం. మచ్చలు, నల్లదనం, వాడకం ఆనవాళ్లు ఉంటేనే విలువ. తెలుగిళ్లలో ఇత్తడి అంటే చింతపండు పెట్టి తోమి తళతళలాడించాల్సిన వస్తువు. మాసిన బిందె కనిపిస్తే ఆ ఇంటి శుభ్రత మీద మాట పడుతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనివాళ్లు కూడా మెరుపు తేవడానికే కష్టపడతారు. పాతబడినట్టు కనిపించాలని డబ్బిచ్చి మరీ మరకలు వేయించుకోవడం ఇక్కడి పెద్దవాళ్లకు మింగుడుపడదు. కుర్రకారుకు నచ్చవచ్చు గానీ ఇల్లు కట్టించేది, డబ్బు పెట్టేది ఎక్కువగా పెద్దవాళ్లే. అందుకే ఈ రూపం కెఫేల్లో ఆగిపోయింది, ఇళ్లలోకి అంతగా రాలేదు.

పొగ ఓడను ఎవరు ఎలా చూశారు

స్టీమ్‌పంక్ మీద ఉన్న గట్టి విమర్శ ఒకటుంది. అది కలగనే కాలం బ్రిటిష్ సామ్రాజ్యం ఉచ్చదశలో ఉన్న కాలం. టోపీలు, టీ కప్పులు, గాలి ఓడలు కనిపిస్తాయి. వాటికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపించదు. వలస దేశాల నుంచి వచ్చిన రచయితలు, పాఠకులు ఈ లోపాన్ని ఎత్తిచూపుతూనే ఉన్నారు.

విశాఖకు సంబంధించి ఈ విమర్శ పుస్తకాల్లో మాట కాదు. మాటలనే గమనిస్తే, ఇంగ్లిష్‌లో ఆ యంత్రాలకు ‘స్టీమ్’ పేరు దక్కింది. తెలుగులో పొగబండి, పొగ ఓడ, కాస్త గ్రాంథికంగా ధూమశకటం. యంత్రం లోపల ఉండేది ఆవిరి, దూరం నుంచి చూసేవాళ్లకు కనిపించేది పొగ. రెండు భాషలూ ఆ యంత్రానికి ఏ పక్కన నిలబడి పేరు పెట్టాయో ఇక్కడ తెలిసిపోతోంది.

ఉత్తరాంధ్రలో పొగ ఓడ అంటే రంగం ఓడ. రంగం అంటే రంగూన్. కూలి కోసం ఈ తీరం నుంచి బర్మాకు ఓడెక్కిన కుటుంబాలు లెక్కకు మిక్కిలి. జానపదుల పాటల్లో ఆ ప్రయాణం ఎడబాటుగానే మిగిలింది. రేవు సంగతీ అలాంటిదే. విశాఖ నౌకాశ్రయం 1933లో తెరుచుకున్నప్పుడు దాని ప్రధాన లక్ష్యం మధ్య పరగణాల (నేటి మధ్యప్రదేశ్, ఆ చుట్టుపక్కల ప్రాంతాల) మాంగనీసును ఓడలకెక్కించడం. రాయపూర్ నుంచి విజయనగరం వైపు రైలు మార్గం కూడా ఆ అవసరంలో భాగమే. కెరటాల ధాటి ఆపడానికి రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి, వాటి మీద అడ్డుగోడ కట్టారు. ఏ స్టీమ్‌పంక్ రచయితా ఇంతకంటే గొప్ప దృశ్యం ఊహించలేడేమో. అయితే ఆ పనిలో రాళ్లు మోసినవాళ్ల మనవళ్లకు అది సరదాగా వేషం వేసుకోవాలనిపించే కాలమా అన్నది అడగాల్సిన ప్రశ్నే.

దీనికి మరో పార్శ్వం ఉంది. స్టీమ్‌పంక్ అభిమానులు తమ పూర్వీకుడిగా కొలిచే జూల్ వెర్న్ 1869లో సముద్రగర్భ ప్రయాణం కథను ధారావాహికగా మొదలుపెట్టాడు. అందులో జలాంతర్గామి నడిపే కెప్టెన్ నీమో ఎవరో అప్పుడు చెప్పలేదు. 1875లో వచ్చిన మరో నవలలో గుట్టు విప్పాడు. నీమో అసలు పేరు దక్కర్. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, టిప్పు సుల్తాన్‌కు బంధువు, 1857లో బ్రిటిష్‌వారి మీద పోరాడి ఓడిపోయినవాడు. అంటే ఆవిరి కాలపు కథల్లో అందరికంటే పేరున్న యంత్రకారుడు భారతీయుడు, అదీ సామ్రాజ్యాన్ని ద్వేషించినవాడు. కెఫే గోడల మీద విక్టోరియా కాలపు టోపీ కనిపిస్తుంది గానీ నీమో కనిపించడు. క్యాటలాగులో లేకపోవడమే కారణం కావచ్చు.

యానిమే, బుల్లెట్: రెండు పోలికలు

చిన్న గుంపు అభిరుచులన్నీ ఇలా డొల్లగానే వస్తాయనుకోనక్కర్లేదు. జపాన్ బొమ్మల సినిమాలు, సిరీస్‌లు, అంటే యానిమే, ఇదే ఊళ్లోకి వేరే దారిలో వచ్చింది. మొదట టీవీ చానెళ్లలో పిల్లల కార్టూన్లుగా, తర్వాత హాస్టల్ గదుల్లో పెన్‌డ్రైవుల మీద, ఆ తర్వాత ఓటీటీల్లో. 2019లో ఒక యానిమే సినిమాను దేశంలో విడుదల చేయాలని అభిమానులే సంతకాలు సేకరించారు. 2025 సెప్టెంబర్‌లో ‘డీమన్ స్లేయర్’ సినిమా తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చింది. ఇక్కడ కథ ముందు, టీషర్టు తర్వాత. పాత్రల పేర్లు, గొడవలు, ఎవరు గొప్ప అన్న వాదనలు అన్నీ మనుషుల ద్వారా పాకాయి. చదివినవాళ్లు తక్కువగా ఉన్న స్టీమ్‌పంక్‌కు తెలుగులో అలాంటి ముడిసరుకు లేదు. విశాఖ కుర్రాళ్లలో ఆ లోకం కాస్త తెలిసినవాళ్లు కూడా ఎక్కువగా యానిమే ద్వారానో, వీడియో గేమ్‌ల ద్వారానో, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన యానిమేషన్ సిరీస్ ‘ఆర్కేన్’ ద్వారానో దారి తెలుసుకున్నవాళ్లే.

రెండో పోలిక బుల్లెట్ బండి. పాత బుల్లెట్‌ను విప్పి, ట్యాంకు మార్చి, హ్యాండిల్ దించి ‘కెఫే రేసర్’గా మలచడం లండన్ కుర్రాళ్ల 1950, 60ల నాటి సరదా. అది ఇక్కడికి వచ్చాక మన మెకానిక్ చేతిలో పడింది. రేకు కొట్టేవాడు, వెల్డర్, పెయింటర్, సీటు కుట్టేవాడు అందరికీ అందులో పని దొరికింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2013లో అదే రూపంతో కాంటినెంటల్ జీటీ తెచ్చినా చేతిపని చావలేదు. దానికి అడ్డం పడింది చట్టం. తయారీదారు ఇచ్చిన మౌలిక నిర్మాణాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చప్పుడు సైలెన్సర్లు బిగించుకుంటే పోలీసులు ఊడబీకి రోడ్డు రోలర్‌తో తొక్కిస్తారు. గోడ మీద కదలని చక్రానికి ఏ చలానా రాదు.

గాజువాకలో ఉన్న చేతులు

స్టీమ్‌పంక్‌కు నిజంగా కావలసింది ఏమిటో చూస్తే విశాఖ పరిస్థితి వింతగా అనిపిస్తుంది. ఇత్తడి కడ్డీని లేత్ మీద తిప్పి పళ్లు కోయగలిగినవాళ్లు ఆటోనగర్‌లో, గాజువాకలో వీధికొకరు దొరుకుతారు. ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ ట్రేడ్‌లు చేసినవాళ్లతోనే షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు, రిఫైనరీ నడుస్తున్నాయి. 1941లో సింధియా కంపెనీ పునాది వేసిన యార్డు నుంచి 1948లో ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది. అప్పటి నుంచి మూడు నాలుగు తరాల పనితనం ఇక్కడ పోగుపడింది. అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క అద్దే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మరి ఎందుకు కలవలేదు? పాశ్చాత్య దేశాల్లో ఈ సరదా పట్టినవాళ్లు చాలావరకు రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగులు. ఇంటి గ్యారేజీలో వారాంతం లోహంతో పనిచేయడం వాళ్లకు విడుదల. గాజువాక టర్నర్‌కు అది ఎనిమిది గంటల డ్యూటీ. షిఫ్టు దిగాక మళ్లీ ఇనుము ముట్టుకోవాలని ఎవరికుంటుంది? రుషికొండ ఐటీ ఉద్యోగికి ఆ సరదా ఉండవచ్చు, లేత్ ఉండదు. ఇద్దరి మధ్య దూరం ఇరవై, ముప్పై కిలోమీటర్లే గానీ పరిచయం కలిగే సందర్భం లేదు.

యంత్రం మీద ప్రేమ లేదని కాదు. దసరాకు ఆయుధ పూజ నాడు, సెప్టెంబర్‌లో విశ్వకర్మ జయంతి నాడు వర్క్‌షాపులు చూస్తే తెలుస్తుంది. లేత్‌కు పసుపు కుంకుమ, పూలదండ, ముందు కొబ్బరికాయ. అది గౌరవం, బతుకుతెరువు పట్ల కృతజ్ఞత. స్టీమ్‌పంక్‌లో ఉండేది వేరే రకం: పోయిన యంత్రం మీద బెంగ. యంత్రం ఆగిపోతే తప్ప ఆ బెంగ పుట్టదు. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్లు 1995లో ఆగాయి. వాల్తేరు డివిజన్‌లో 1900లో మొదలైన నౌపడ–పర్లాకిమిడి చిన్న రైలు మార్గాన్ని 2004లో గేజ్ మార్పిడి కోసం మూసేశారు. రైలు పిచ్చి ఉన్నవాళ్లలో ఆ బెంగ కనిపిస్తుంది. మిగతా ఊరికి క్రేన్లు, కన్వేయర్లు ఇంకా రోజువారీ చప్పుడే.

నాంత్ ఏనుగు, బీచ్‌లో కురుసుర

ఫ్రాన్స్‌లోని నాంత్ నగరం ఈ విషయంలో మంచి పోలిక. అదీ ఓడలు కట్టిన ఊరే. షిప్‌యార్డు 1987లో మూతపడింది. వెర్న్ పుట్టిందీ ఆ ఊళ్లోనే, 1828లో. ఖాళీ పడిన యార్డు షెడ్లలో 2007లో ‘యంత్రాల ద్వీపం’ పేరుతో ఒక ప్రదర్శనశాల తెరిచారు. అక్కడ పన్నెండు మీటర్ల ఎత్తు, యాభై టన్నులకు దగ్గరగా బరువున్న ఉక్కు, కర్రల ఏనుగు దాదాపు యాభై మందిని ఎక్కించుకుని నడుస్తుంది, తొండంతో జనం మీద నీళ్లు చిమ్ముతుంది. దాని కీళ్లు, పిస్టన్లు అన్నీ బయటికి కనిపిస్తాయి. న్యూజిలాండ్‌లోని ఓమరు అనే చిన్న పట్టణం కూడా తన విక్టోరియా కాలపు రాతి భవనాలను స్టీమ్‌పంక్ ఉత్సవాలకు వాడుకుని పర్యాటకులను రప్పించుకుంది. రెండు చోట్లా ఊరికి అప్పటికే ఉన్నదాన్ని ఆధారం చేసుకున్నారు.

విశాఖలో అలాంటి ఆధారం ఆర్కే బీచ్ మీదే ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారైన జలాంతర్గామి ఐఎన్‌ఎస్ కురుసుర 1969 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరింది. నీమో కథ మొదలైన సరిగ్గా నూరేళ్లకు అన్నమాట, యాదృచ్ఛికమే అయినా. 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించి, 2002లో మ్యూజియమైంది. తొంభై ఒక్క మీటర్ల ఆ ఉక్కు గొట్టంలోకి దిగితే ఇరుకు దారికి రెండువైపులా వాల్వు చక్రాలు, పీడనం చూపే మీటర్లు, టార్పెడో గొట్టాలు. ఇది డీజిల్, బ్యాటరీల మీద నడిచినది గనక మాటవరసకు కూడా ఆవిరి యంత్రం కాదు. అయినా కెఫే గోడ అనుకరించాలని చూసేది ఇలాంటి చోటునే.

తుక్కుతో కళ అన్నది కూడా రాష్ట్రంలో కొత్త కాదు. తెనాలి శిల్పులు నట్లు, బోల్టులు, గొలుసులు, పళ్లచక్రాలతో నిలువెత్తు విగ్రహాలు చేసి ఎప్పుడో వార్తలకెక్కారు. వాటిని ఎవరూ స్టీమ్‌పంక్ అనలేదు, అనాల్సిన అవసరం కూడా లేదు. కానీ విగ్రహం కదలదు. నాంత్ ఏనుగు దగ్గర జనం ఆగేది అది నడుస్తుంది కాబట్టి.

ఇక ముందు

కెఫే గోడల మోజు ఎక్కువకాలం నిలవకపోవచ్చు. ఈ ఊళ్లో రెస్టారెంట్ల థీమ్‌లు మారే వేగం తెలిసిందే. పైగా ఎండీఎఫ్ బోర్డుకు తేమ పడదు. రెండు వానాకాలాలు గడిచేసరికి అంచులు ఉబ్బుతాయి. ఫోటోలో కొత్తదనం పోయాక యజమాని దానికి మరమ్మతు చేయించడు, ఇంకో థీమ్ అడుగుతాడు. పేరు మాత్రం మిగులుతుంది. ‘యాంటిక్’ అన్న మాట ఎలా నీరుగారిందో ‘స్టీమ్‌పంక్’ కూడా అలాగే గోధుమ రంగు వస్తువులన్నిటికీ అంటించే చీటీ అవుతుంది.

వేషధారణ వైపు కొంత ఆశ ఉంది. కాస్‌ప్లేలో దుస్తులు, ఆయుధాలు సొంతంగా చేసుకోవడం మర్యాద. ఫోమ్ షీటు కోసి రంగేయడంతో మొదలుపెట్టిన కుర్రాళ్లలో కొందరు త్రీడీ ప్రింటింగ్‌కు, అక్కడి నుంచి అసలు లోహానికి వెళ్లడం వేరే ఊళ్లలో జరిగింది. ఇంజనీరింగ్ కాలేజీలు ఇన్ని ఉన్న చోట అది జరగడానికి సామాను కొరత లేదు. మెకానికల్ బ్రాంచి ప్రాజెక్టులు రెడీమేడ్‌గా కొనుక్కునే అలవాటు తగ్గితే మరీ మంచిది.

పర్యాటకం సంగతి అంత తేలిక కాదు. నాంత్‌లో యార్డు మూతపడ్డాక చోటు ఖాళీ అయింది. ఇక్కడ యార్డు పనిచేస్తూనే ఉంది, రక్షణ శాఖ కింద ఉంది. అందులోకి సందర్శకులను పంపే ప్రసక్తి రాదు. మిగిలేది బీచ్ రోడ్డు మ్యూజియాలే. కురుసుర లోపల దారి చూపేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. వరస వెనక వరస తోసుకొస్తుంటే ఎవరూ ఎక్కువసేపు ఆగరు గానీ, జనం పలచగా ఉన్న రోజు నిలబడి అడిగితే ఏ చక్రం తిప్పితే ఏ ట్యాంకులోకి నీళ్లు వస్తాయో, పడవ ఎలా మునిగేదో వాళ్లు చెబుతారు.